డేగగారికి దొరికిన రెండు దవడలు

"ప్రపంచం మొత్తం మీద అసలు సిసలు డిటెక్టివులు ఇద్దరే. అందులో ఒకడు ఇంకా పుట్టలేదు. రెండోవాడు ఇప్పుడు నీ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు," అని ప్రకటించాడు డేగ.

"ఆ రెండో ఆయన చొక్కా తిరగేసి తొడుక్కున్నారు," అంది భార్య.

డేగ కిందికి చూసుకున్నాడు. కుట్లన్నీ బయటికి కనిపిస్తున్నాయి.

"కావాలనే. మారువేషం."

"ఎవరిలా?"

"చొక్కా తిరగేసి తొడుక్కునేవాడిలా."

డేగ అన్నది అతను తనకు తాను పెట్టుకున్న పేరు. వీధివాళ్ళు పెట్టింది భూతద్దం. చేసే పని గడియారాల మరమ్మతు. కంటికి బిగించుకునే చిన్న నల్ల భూతద్దం పనున్నా లేకపోయినా నుదుటి మీదే ఉంటుంది. కొట్టు మీద బోర్డు ఇలా ఉంటుంది: 'డేగ డిటెక్టివ్ ఏజెన్సీ. గడియారాలు కూడా బాగుచేయబడును.' ఏజెన్సీ పెట్టిన ఆరేళ్ళలో మూడు కేసులు వచ్చాయి. మొదటిది పక్కింటి పిల్లి అదృశ్యం. అతను రెండు రోజులు ఊరంతా గాలించి వచ్చేసరికి అది అతని కొట్లోనే గోడగడియారం పెట్టెలో ఈని ఉంది. రెండోది ఒక చెప్పు మాయం. అది అతని కాలికే దొరికింది. మూడో కేసు దర్యాప్తు ఇంకా సాగుతోంది, కానీ పోయింది ఏమిటో అతను మరిచిపోయాడు.

అతని భార్యను వీధిలో చిన్నా పెద్దా అందరూ ఫోటోఅక్క అంటారు. రెండు వీధుల అవతల ఫోటో స్టూడియోలో పన్నెండేళ్ళుగా పని చేస్తోంది. ఆమెది వెనకగది. అక్కడ తీసేవన్నీ పాస్‌పోర్టు ఫోటోలు. వచ్చినవాళ్ళను స్టూలు మీద కూర్చోబెట్టి, చెవులు కనబడేలా జుట్టు సర్ది, "నవ్వకండి, పెదాలు కలిపి ఉంచండి" అంటుంది. ఆ మాట అనడం ఆమెకు హాయిగా ఉంటుంది. తను కూడా పెదాలు కలిపే ఉంచుతుంది మరి.

తొమ్మిదో ఏట ఉయ్యాల మీంచి పడితే పైవరసలో ముందుపన్ను ఒకటి ఐమూలగా విరిగింది. దాన్ని ఆనుకుని మొదట్నుంచీ ఒక సందు ఉంది. ఆ పక్కన ఇంకో పన్ను కాస్త వంకర. ఈ మూడూ కూడబలుక్కుని తన నోట్లోనే కాపురం పెట్టాయని ఆమె బాధ. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. చెయ్యి ఖాళీ లేకపోతే నవ్వు మింగేస్తుంది. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళయినా భర్త ముందు కూడా అంతే.

స్టూడియోలో ముందుగది వేరు. పెద్ద కిటికీ, తెల్ల గొడుగుల లైట్లు, కుటుంబాల ఫోటోలు, పసిపిల్లల ఫోటోలు. ఆ గది కావాలని ఆమె పన్నెండేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా కోరుకుంటోంది. కిందటి నెల అక్కడి ఫోటోగ్రాఫరు పని మానేసి వెళ్ళిపోయాడు. స్టూడియో పెద్దాయన ఆమెకు ఒకరోజు గది అప్పగించాడు. ఆ రోజు నలుగురు పిల్లలు వచ్చారు. నలుగురూ ఏడ్చారు.

"అమ్మాయ్," అన్నాడు పెద్దాయన సాయంత్రం, "నోటికి తాళం వేసుకుని 'నవ్వమ్మా' అంటే ఏ పిల్ల నవ్వుతుంది? కెమెరా వెనక ముఖం ఎలా ఉంటే ముందున్న ముఖం అలాగే వస్తుంది. వచ్చే సోమవారం ఇంకొక్కసారి చూస్తాను. కుదరలేదో, గది మా మేనల్లుడికి ఇచ్చేస్తాను."

మేనల్లుడు తీసిన ఫోటోల్లో పెళ్ళికొడుకులు కూడా పోలీసులకు లొంగిపోయినట్టు ఉంటారు. కానీ వాడికి పళ్ళు వరసగా ఉన్నాయి.

అందుకే మంగళవారం నాడు ఫోటోఅక్క ఎవరికీ చెప్పకుండా పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ మొహమాటం లేని మనిషి.

"దారులు మూడున్నాయి," అంది. "క్లిప్పులు వేస్తే వంకర, సందు సర్దుకుంటాయి. కానీ ఏడాదిన్నర పడుతుంది. విరిగిన మూలకి పంటి రంగు పేస్టు పెట్టి గట్టిపరచొచ్చు, బాండింగ్ అంటాం. గంటలో అయిపోతుంది, పన్నును అరగదీసే పనే ఉండదు. కాకపోతే కొన్నేళ్ళకి మళ్ళీ చేయించుకోవాలి. మూడోది వెనీర్లు. ముందు నాలుగు పళ్ళకీ పల్చటి పింగాణీ పెంకులు అతికిస్తాం. సందు మూసుకుపోతుంది, వంకర కనబడదు, అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. అయితే పెంకు కూర్చోవాలంటే మీ పళ్ళ పైపొర కొంచెం అరగదీయాలి. అరగదీసింది మళ్ళీ రాదు."

"తెల్లగా చేస్తారటగా, అది?"

"రంగు మారుతుంది. విరిగింది అతకదు."

"మీరైతే ఏం చేయించుకుంటారు డాక్టర్?"

"అవి నా పళ్ళు కావుగా," అంది డాక్టరమ్మ. "వెనీర్లయితే శుక్రవారం అరగదీసి, పింగాణీవి వచ్చేదాకా తాత్కాలికం పెంకులు వేసి పంపిస్తాను. సోమవారానికి నవ్వొచ్చు. గురువారం సాయంత్రం నాలుగింటికి వచ్చి ఏదో ఒకటి చెప్పండి." అని రెండు ప్లాస్టర్ అచ్చులు చేతిలో పెట్టింది. ఒకటి ఆమె పైదవడ, ఉన్నది ఉన్నట్టు. రెండోది అదే దవడ, నాలుగు పళ్ళకీ తెల్లమైనం పెట్టి, వెనీర్లు వేస్తే ఎలా ఉంటుందో అలా. తోడుగా ఓ చీటీ. "ఇంట్లోవాళ్ళకి చూపించి మాట్లాడుకోండి."

ఇంట్లోవాళ్ళంటే డేగ. డేగకు చెప్పడమంటే వీధి మధ్య మైకు పెట్టి చెప్పడం. ఆమె రెండు అచ్చుల్నీ గుడ్డలో చుట్టి కుట్టుమిషను సొరుగులో దాచింది.

ఈ గురువారం పొద్దున చొక్కా సరిగా తొడుక్కోబోతూ డేగ బొత్తాం తెంపుకున్నాడు. సూదికోసం సొరుగు లాగాడు. మరుక్షణం అతని గొంతు మారిపోయింది.

"కంగారుపడకు. నెమ్మదిగా ఊపిరి పీల్చు. మనింట్లో రెండు దవడలున్నాయి."

ఫోటోఅక్క గబగబా వచ్చింది. "ఏమండీ, అవి..."

"మాట్లాడకు! వేలిముద్రలు చెదిరిపోతాయి." భూతద్దం కంటికి బిగించి, మొదటి అచ్చు పైకెత్తాడు. "ఊఁ... మగవాడు. వయసు డెబ్బై, అటూ ఇటూగా. ఈ విరిగిన మూల చూశావా? సీసా మూతలు పళ్ళతో తీసేవాడు. మహా మొండి."

"మొండితనం పళ్ళలో ఎక్కడ కనబడింది మీకు?"

"ఈ వంకరపన్నులో. పక్కదానికి చచ్చినా దారివ్వదు. ఇక ఈ సందు! ఈ సందున్నవాడి కడుపులో ఒక్క మాట ఆగదు."

కడుపులో పంతొమ్మిదేళ్ళ మాటలు దాచుకున్న మనిషి అతనికి రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. అడగకూడదనుకుంటూనే అడిగింది. "చూడ్డానికి ఎలా ఉంటాడంటారు?"

"భయంకరం!" అన్నాడు డేగ ఆనందంగా.

నిజం చెబుదామనుకున్నది కాస్తా మానుకుని ఆమె సంచీ అందుకుంది.

"ఈ రెండోవాడు వీడి తమ్ముడు," అని సాగించాడు డేగ. "దవడ ఒకటే, పళ్ళు వేరు. అందగాడు. అందుకే నా అనుమానమంతా వీడి మీదే. అన్నను చంపేసి, సాక్ష్యాన్ని మన కుట్టుమిషన్లో దాచాడు. ఎందుకు? నేనిక్కడ ఉన్నానని తెలుసు కనక. నాకు సవాలు విసిరాడు! ఆగాగు, చీటీ కూడా వదిలాడు. 11, 12, 21, 22. ఎ1. ఎ1 అంటే పోలీసు భాషలో మొదటి ముద్దాయి. మిగతావి ఇంటి నంబర్లు. మన వీధివే!"

"తీసినవి తీసిన చోట పెట్టండి," అంది ఫోటోఅక్క చెప్పులు తొడుక్కుంటూ. "సాయంత్రం నాకు వాటితో పనుంది."

"నీకేం పని?" అని అడగాలని ఏ డిటెక్టివుకైనా తోచేది. డేగకు తోచలేదు.

స్టూడియో వెనకగదిలో ఆమె పదకొండుమందికి "నవ్వకండి" అని చెప్పింది. ఆ మధ్యాహ్నానికే తేల్చేసుకుంది. కట్టుకున్న మనిషే చూసి భయంకరం అన్నాక ఇంక ఆలోచించేదేముంది? నాలుగూ అరగదీయించేస్తుంది. వంకర పోతుంది, సందు పోతుంది, పాత నోరే పోతుంది. మూడింటికి సెలవు అడిగి, అచ్చులు తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలని ఇంటికి వచ్చింది.

సొరుగు ఖాళీ. వీధి చివర్నుంచి అరుపులు.

పరుగులాంటి నడకతో వెళ్ళింది. 22 నంబరు బామ్మగారి వరండా మీద డేగ నిలబడి ఉన్నాడు, చేతికొక దవడతో. కింద పదిమంది పోగయ్యారు. అప్పటికే అతను పదకొండో నంబరు టీచరుగారిని నోరు తెరవమన్నాడు, ఆవిడ వారంటు చూపించమంది. ఇరవై ఒకటికి తాళం ఉంటే 'పరారీ' అని రాసుకున్నాడు. వాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళారు.

"బాబాయ్, నావి రెండు పెట్టుడు పళ్ళు, చూస్తావా?" అన్నాడు పన్నెండో నంబరు సెలూనాయన.

"విన్నారా! అసలు పళ్ళు మాయం చేసినట్టు ఒప్పుకున్నాడు!"

"ఊడగొట్టుకున్నది నీ కొట్టు గడపకి తగిలే కదయ్యా!"

టీచరుగారు మైనం పెట్టిన దవడను తీసుకుని అటూ ఇటూ తిప్పి ఇచ్చేసింది. బామ్మగారు రెంటినీ దగ్గరగా చూసింది. "ఈ తమ్ముడున్నాడే, కొట్టు అద్దంలో నిలబెట్టిన బొమ్మలా ఉన్నాడు నాయనా. ఆ పెద్దాడే నయం, ఎవరో మన మనిషిలా ఉన్నాడు."

గుంపు వెనక ఫోటోఅక్క రాయిలా నిలబడిపోయింది. చిన్నప్పట్నుంచీ చెయ్యి అడ్డం పెట్టి దాచుకున్నది పట్టపగలు చేతులు మారుతోంది. నేల చీలితే బాగుండుననుకుంది.

"ఇక చాలు!" అని గర్జించాడు డేగ. భూతద్దం ఒక కంటికి బిగించి, రెండో కన్ను మూసి, దవడలు రెండూ ఆకాశానికెత్తాడు. "హంతకుడు ఈ గుంపులోనే ఉన్నాడు. ఇప్పుడు నేనొక్క అడుగు ముందుకు వేశానంటే..."

వేశాడు. అక్కడ వరండా లేదు, మెట్లున్నాయి. భూతద్దంలోంచి చూసేవాడికి జానెడు అవతల అంతా మసకే కదా. మూడు మెట్లూ ఒకేసారి దిగి, బామ్మగారు దుప్పట్లు నానబెట్టిన తొట్టిలో కూర్చున్నాడు. అన్న మూడు ముక్కలై నీళ్ళలో మునిగాడు. తమ్ముడు మెట్టుకు కొట్టుకుని, ఎగిరి, దొర్లుకుంటూ ఫోటోఅక్క కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగాడు.

ఆమె వంగి రెండు చేతులతో తీసుకుంది. అప్పుడు చూసింది.

మైనం ఊడిపోయింది. మూడు పళ్ళ మీద పూర్తిగా, నాలుగో దాని మీద ఒక పక్క. విరిగిన మూల మీద మాత్రం అతుక్కునే ఉంది. సందు తిరిగొచ్చింది. వంకరపన్ను తన వంకరలో తానుంది. ఇన్నేళ్ళుగా ఆ మూడింటినీ ఒకే లెక్కలో కట్టి తిట్టుకుంది. ఒక్క మూల సరైతే మిగతా రెండిట్లో ఏ తప్పూ కనబడలేదు. ఉయ్యాల మీంచి పడకపోయి ఉంటే తను ఇలా ఉండేది. అంతే.

"తోశారు! వెనకనుంచి ఎవరో తోశారు!" అని తొట్టిలోంచి కేక.

"వెనక గోడే ఉంది నాయనా," అంది బామ్మగారు.

"అయితే గోడను కదలనివ్వకండి!"

ఫోటోఅక్క తొట్టి వైపు చూసింది. భుజం మీద దుప్పటి, ఒడిలో సబ్బునురుగు, కంట్లో ఇంకా భూతద్దం. నవ్వు ముంచుకొచ్చింది. అడ్డం పెట్టడానికి చెయ్యి లేదు, రెండు చేతుల్లోనూ అచ్చు ఉంది. మింగుదామంటే మింగుడుపడేంత చిన్న నవ్వు కాదది. నోరంతా తెరిచి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. వీధి వీధంతా ఆమెతో పాటు నవ్వింది.

తొట్టిలోంచి లేచి ఆమె ముఖంలో ముఖం పెట్టినవాడు ఒక్కసారి బిగుసుకుపోయాడు.

"కదలకు! అదే సందు. అదే మూల. దొరికాడు! ఎవరూ..." భూతద్దం జారి కింద పడింది. "నువ్వా?"

"నేనే. డెబ్బై ఏళ్ళ మగవాణ్ణి."

"మరి... తమ్ముడు?"

"తమ్ముడూ నేనే."

డేగ చొక్కాలోంచి నీళ్ళు కారుతున్నాయి. "అయితే హత్య జరగలేదా?" అన్నాడు దిగులుగా.

"నాలుగింటికి జరగాల్సింది. తప్పిపోయింది."

"భయంకరం అన్నాను కదూ పొద్దున?" అన్నాడు గొంతు తగ్గించి, ఆమెకు మాత్రమే వినబడేలా.

"అన్నారు. పంతొమ్మిదేళ్ళు ఎదురుగా కూర్చుని తిన్నారు. గుర్తుపట్టలేదు."

"చూపించావా ఎప్పుడైనా? చెయ్యి అడ్డం. సాక్ష్యం దాచావు. తప్పు నీది." ఆగాడు. "సగం నాది. కాదు, పదహారణాల్లో పన్నెండణాలు నాదే."

డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. అతను తడిచొక్కాతో కుర్చీ అంచున కూర్చున్నాడు. డాక్టరమ్మ అచ్చును దీపం కింద తిప్పి తిప్పి చూసింది.

"ఎవరు చేశారిది?"

"మావారు."

"పళ్ళ పని తెలుసా ఆయనకి?"

"తొట్టిలో పడటం తెలుసు," అంది ఫోటోఅక్క. "నాకు ఇలా చాలు డాక్టర్. ఆ మూల ఒక్కటీ."

"అంటే బాండింగ్. సందు ఉంటుంది, వంకర ఉంటుంది. రేపు మళ్ళీ అద్దంలో చూసుకుని బాధపడకూడదు."

"ఉండనీయండి. అవి మొదట్నుంచీ నావే. పోయింది ఆ మూల ఒక్కటే."

చీటీలోని అంకెలు పళ్ళ నంబర్లని, ఎ1 అన్నది పింగాణీ రంగు అని డాక్టరమ్మ డేగకు వివరించింది. "నేను మొదట్నుంచీ అనుకున్నదే," అన్నాడతను. ఆ తర్వాత ఆమె రంగుల పట్టీ తీసి ఫోటోఅక్క పంటి పక్కన పెట్టి చూస్తుంటే ఉండబట్టలేక లేచాడు.

"లైటు కింద చూడకండి. పాత గడియారం ముఖాలకి రంగు కలపాలంటే నేనెప్పుడూ కిటికీ దగ్గరికే వెళ్తాను. లైటులో తెలుపు అబద్ధం చెబుతుంది." భార్యను కిటికీ దగ్గరికి నడిపించి, గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పి, పట్టీలోంచి ఒకటి చూపించాడు. "ఇది."

డాక్టరమ్మ చూసింది. మళ్ళీ చూసింది. "ఎ2. సరిగ్గా ఇదే."

జీవితంలో మొదటిసారి అసలు ముద్దాయిని పట్టుకున్నాడు డేగ. ఆ సంగతి అతనికి తెలియనే లేదు. శుక్రవారం గంటలో పని అయిపోయింది.

సోమవారం ముందుగదిలో మొదట కూర్చున్న పసివాడు ఫోటోఅక్క నవ్వు చూసి గుక్కపట్టి ఏడ్చాడు. పెద్దాయన తలుపు దగ్గర గొంతు సవరించుకున్నాడు. మేనల్లుడు కెమెరా పట్టీ సర్దుకున్నాడు. కానీ ఆమె చెయ్యి నోటిదాకా వెళ్ళలేదు. పసివాణ్ణి తల్లి భుజం మీద ఆడించి, ఏడుపు ఆగాక, వాడి చొంగ కారుతున్న ముఖాన్ని అలాగే తీసింది. ఫోటో బాగానే వచ్చింది. బాగానే అంటే చాలదు.

తర్వాత ఏడేళ్ళ పిల్ల. తల్లి, తండ్రి, అన్న అందరూ పళ్ళన్నీ బయటపెట్టారు. పిల్ల మాత్రం పెదాలు బిగబట్టింది.

"నవ్వవే తల్లీ, నిన్నటిదాకా ఇల్లెగిరిపోయేలా నవ్వావుగా!" అని తల్లి బతిమాలింది.

పిల్ల తల అడ్డంగా ఊపింది. ఫోటోఅక్కకు ఆ మూసిన పెదాల వెనక ఏముందో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కెమెరా వదిలి వచ్చి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎన్ని ఊడాయి?"

రెండు వేళ్ళు లేచాయి.

"నాకు ఇక్కడ ఒక సందుంది. చూస్తావా?"

చూపించింది. పిల్ల దగ్గరికి వంగి, ఒక కన్ను మూసి, తీరిగ్గా పరిశీలించింది.

"నాదే పెద్దది!" అంది. అంటూ నోరంతా తెరిచేసింది.

ఫోటోఅక్క రెండంగల్లో కెమెరా వెనక్కి చేరింది. నవ్వుతూనే మీట నొక్కింది.

సాయంత్రం పెద్దాయన ఆ ఫోటోను కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ముందుగది తాళంచెవి గోడ మేకు నుంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఏం చెప్పి నవ్వించావమ్మాయ్?"

"ఏమీ చెప్పలేదండీ. ఎవరిది పెద్దదో చూసుకున్నాం."

ఆమెను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన డేగ గుమ్మంలోంచే ఛాతీ విరిచాడు. "చూశారా పెద్దాయనా? ఈ కేసు మొదటినుంచి చివరిదాకా అక్షరం పొల్లుపోకుండా నా పథకం ప్రకారమే నడిచింది."

"మెట్ల మీంచి పడటం కూడానా?" అంది ఫోటోఅక్క.

"అసలు పథకమే అది," అన్నాడు డేగ, మోకాలు రుద్దుకుంటూ.